‘బో పండింది సామీ’ అను మాటను వినుటెట్లు?

అనంతపురము జిల్లాలో ఆశ్లేష కార్తె దాటినను పదును వాన పడక, ఊడలు దిగవలసిన వేళకు వేరుసెనగ మొక్క ఆకు ముడుచుకొని బెట్టకు వాడిపోవుచుండగా, ఆ దారిని బోవు బంధువెవరైనను ‘పంట ఎట్లుండాది మామా?’ అని పలుకరించినచో, గట్టుమీద కూర్చున్న రైతు తలయెత్తకయే ‘బో పండిందిలే అల్లుడా, ఇల్లు సాలక వీదిలో పోసుకోవల్ల’ అని బదులు చెప్పును. ఆ బంధువు ఆ మాటకు సంతోషింపడు, ఆశ్చర్యపడడు, మరల ప్రశ్నింపడు; కండువాతో గట్టు దులిపి అతని ప్రక్కన కూర్చుండును. మాటలోని అర్థమొకటి, మాటాడినవాని మనస్సులోని అర్థము దానికి సరిగా విపరీతము. అయినను వినినవానికి క్షణమాత్రమైనను సందేహము కలుగలేదు. ఇదే సమాధానము జీపు దిగి కాగితములు చేతబట్టుకొని వచ్చిన అధికారికి ‘సామీ’ అను పిలుపుతో చెప్పబడినప్పుడు ఏమగును? పంట పండినదని అతడు వ్రాసికొనునని నేననను. ఎండిన చేనిని చూచుచు అట్లు వ్రాయునంతటి అమాయకులెవరును ఉండరు. కాని ‘రైతు సూటిగా సమాధానము చెప్పలేదు’ అనియో, ‘ఈ ఊరివారికి ఎగతాళి యెక్కువ’ అనియో మనస్సున ముద్రించుకొని తరువాతి చేనికి నడచును. రైతు ఆ ఒక్క వాక్యములో తన సంవత్సరమంతయు చెప్పివేసెను. వినవలసినవాడు అందులో పొగరును మాత్రమే వినెను.

వ్యంగ్యముగా పలుకుట చమత్కారమనియు, ఒక్కొక్కప్పుడు దుర్గుణమనియు మనము తరచుగా చెప్పుకొనుచుందుము గాని, దానిని అర్థము చేసికొనుట ఒక బాధ్యత యని చెప్పుకొనుట అరుదు. ఈ విషయమున నా అభిప్రాయమును దాపరికము లేక చెప్పెదను. ఎదురర్థముతో పలికిన మాట యొక్క తాత్పర్యము ఆ పదములలో నుండదు. అది పలికినవాడు నిలిచిన నేలలోను, అతనికి పూర్వము ఇతరులు చేసిన వాగ్దానములలోను ఉండును. ఆ నేలను, ఆ వాగ్దానములను ఎరుగనివాడు తెలుగు ఎంత చదివినను ఆ మాటను విననట్లే. అట్టి వినికిడి లోపము ఇరుగుపొరుగుల నడుమ నున్నచో చిన్న అపార్థముతో పోవును. అధికారము గలవానియందున్నచో, దాని ఫలమును పలికినవాడే అనుభవించును.

ఈ పీఠభూమికి సాలున కురియు వర్షము సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలకు ఆవలనే తన నీటిని దింపుకొని ఇచ్చటికి పొడిగాలియై వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున కురిసి కురిసి ఇచ్చటికి చేరునప్పటికి బలహీనపడును. పెన్న, చిత్రావతి, హగరి అనుపేర్లు గల నదులున్నవి గాని సంవత్సరములో అధిక భాగము వానిలో ఇసుకయే కనబడును. తరిమెల గ్రామమున పుట్టిన విద్వాన్ విశ్వముగారు ‘పెన్నేటి పాట’ను వ్రాసినది ఆ ఇసుకను చూచియే. అయితే వర్షము తక్కువగుట యొక్కటే ఇచ్చటి దుఃఖము కాదు. మొత్తము లెక్కకు సరిపోయిన వానయు సమయమునకు రాకపోవుట అంతకంటె పెద్ద దుఃఖము. విత్తిన తరువాత నెలదినములు చినుకు లేక, కాయ ఊరవలసిన అదను దాటిపోయిన పిమ్మట రెండు దినములలో కుండపోతగా కురిసినచో, ఆ నెల వర్షపాతము ‘సాధారణము’ అని పట్టికలో నమోదగును. చేనిలో మాత్రము పశువుల మేతకు కట్టె తప్ప కాయ యుండదు. అప్పుడు రైతు ‘ఔ సామీ, ఈతూరి వాన బాగా పడింది’ అనును. ఈ మాటలో అబద్ధము లేదు, నిజమును లేదు; పట్టికకును చేనికిని నడుమనున్న దూరము మాత్రమున్నది.

డాన్ స్పెర్బర్, డీర్డ్రె విల్సన్ అను ఇరువురు పండితులు 1981లో ప్రకటించిన ఒక సిద్ధాంతము ఈ సందర్భమున మనకెంతయు ఉపకరించును. వ్యంగ్యముగా మాటాడువాడు కేవలము ఒక మాటను తలక్రిందులు చేయుట లేదనియు, ఎవరో ఎన్నడో అన్న మాటనో, అందరును పెట్టుకొన్న ఆశనో మరల పలికి, దానికిని జరిగినదానికిని గల అంతరమును చూపుచున్నాడనియు వారు వివరించిరి. ఉగాదినాడు రచ్చకట్టపైనో, గుడిమంటపముననో పంచాంగ శ్రవణము జరుగును. ఈ యేట ఇన్ని తూముల వర్షమనియు, అందు సముద్రమున ఇంత, పర్వతములపై ఇంత, భూమిపై ఇంత యనియు పురోహితుడు చదువును. ఊరివారందరు శ్రద్ధతో విందురు. ఆ తరువాత రేడియోలో వాతావరణ సూచన వచ్చును, విత్తనకాయలు పంచునప్పుడు ఉపన్యాసములు వచ్చును, ఎన్నికల సాలైనచో కాలువలును వచ్చును. మఖ, పుబ్బ కార్తెలు రెండును వట్టిపోయిన పిమ్మట ఒక ముదుసలి ఆకాశము వంక చూచి ‘పంచాంగంలో సెప్పినట్లే కురిసిందప్పా’ అనినప్పుడు, ఆమె పరిహసించుచున్నది పంచాంగమును గాదు, పురోహితుని గాదు. ఉగాదినాడు తానును అందరితోబాటు కూర్చుండి వినిన ఆశను మరల తన నోట పలికి చూచుకొనుచున్నది. ఆ ఉగాది సభలో లేనివానికి ఈ మాట సగమే వినబడును.

పాశ్చాత్యులు ఇటీవల కనుగొన్నదానిని మనవారు ఎన్నడో చెప్పిరని గొప్పలు చెప్పుకొను అలవాటు నాకు రుచింపదు. ఐనను ఈ విషయమున మన ఆలంకారికుల విచారము నిజముగా లోతైనది, పైగా అది మన నేలతో అల్లుకొనియున్నది. కాశ్మీర దేశమున 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వనిని నిరూపింపబూనినప్పుడు, పైకి ‘చేయుము’ అనుచు లోపల ‘చేయవద్దు’ అని చెప్పు మాటకు ఉదాహరణముగా ఎన్నుకొన్నది హాలుని పేర ప్రసిద్ధమైన గాథాసప్తశతిలోని గోదావరీతీరపు గాథను. తన సంకేతస్థలమునకు పూలకై వచ్చిపోవు ఒక ధార్మికునితో ఒక స్త్రీ, నీవు భయపడుచుండిన కుక్క చచ్చినది, ఇక నిశ్చింతగా తిరుగుము, దానిని ఏటియొడ్డు పొదలలో నివసించు సింహము చంపినది అని చెప్పును. ఆహ్వానమువలె నున్న ఆ మాట విని ఆ ధార్మికుడు మరల అటువైపు పోడు. కుక్కకంటె సింహము భయంకరమను లోకజ్ఞానము వినువానికి లేనిచో ఆ మాటకు ఆహ్వానార్థమే మిగులును. ఆ ప్రాకృత గాథల సారమును తెలుగునకు దెచ్చిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారును, వానిలోని తెలుగు పదములను వెదకిన తిరుమల రామచంద్రగారును ఇరువురును అనంతపురము జిల్లావారే యగుట నేను సంతోషముతో స్మరించు విషయము. వానకు కరవైన ఈ సీమలో మాటలోతును తవ్వువారికి ఏనాడును కరవు లేదు.

మమ్మటుడు ఇంకొక అడుగు ముందునకు వేసెను. తనకపకారము చేసినవానితో ఒకడు, నీవు చేసిన ఉపకారమునకు హద్దు లేదు, నీ మంచితనమును లోకమునకు చాటితివి, నూరేండ్లు సుఖముగ నుండుము అను తీరున పలికిన మాటను అతడు కావ్యప్రకాశములో ఉదాహరించెను. దీనినే విపరీతలక్షణ యందురు. లక్షణ యేర్పడుటకు మొదట ముఖ్యార్థబాధ, అనగా పదముల సహజార్థము ఆ సందర్భమున పొసగకపోవుట, జరుగవలయునని శాస్త్రము. ఇచ్చటనే పాఠకులు ఒక నిమిషము నాతో నిలువవలయునని కోరుచున్నాను. ముఖ్యార్థమునకు బాధ కలిగినదని తెలిసికొనువాడెవడు? అపకారము జరిగినదని ఎరిగినవాడు మాత్రమే. చేనిలో పంట లేదని కన్నులారా చూచినవాడు, బ్యాంకులో అప్పు తీరలేదని ఎరిగినవాడు, బోరు వేయించి నీరు పడక మూసిన సంగతి వినినవాడు మాత్రమే ‘బో పండింది’ అను మాట పొసగదని గ్రహించును. ఎరుక లేనిచోట బాధ లేదు. బాధ లేనిచోట లక్షణ లేదు. లక్షణ లేనిచోట మిగులునది అక్షరార్థమో, అవమానమో. వ్యంగ్యార్థము తోచుటకు తోడ్పడువానిని పేర్కొనుచు మమ్మటుడు వక్తను, శ్రోతను, కంఠస్వరమును, ప్రకరణమును, దేశమును, కాలమును వరుసగా చెప్పి, ఇవన్నియు ప్రతిభ గలవారికే అర్థమును స్ఫురింపజేయునని ముగించెను. ఆ ప్రతిభను అతడు వక్తయందు గాక వినువానియందు ఉంచుట నాకు అత్యంత ముఖ్యముగా తోచుచున్నది.

పొగడ్త రూపమున నింద, నింద రూపమున పొగడ్త చేయు వ్యాజస్తుతిని, నిందలోనుండి మరియొక నిందను స్ఫురింపజేయు వ్యాజనిందను చక్కగా వివరించిన కువలయానందమను గ్రంథమును అప్పయ్య దీక్షితులు వేంకటపతి నియోగమున రచించినట్లు చెప్పుకొనెను. ఆ వేంకటపతి పెనుగొండ నేలిన విజయనగర రాజేయని పలువురు పండితుల యభిప్రాయము. నాటి పెనుగొండ కొలువులో ఈ అలంకారములకు నిత్యప్రయోజనమున్నదని ఊహించుట కష్టము కాదు. రాజును సూటిగా తప్పుపట్టలేనివాడు పొగడుచు తప్పుపట్టును. దేవుని విషయమునను మనవారిదే మార్గము. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్రదేవునిపై చెప్పిన ఆంధ్రనాయక శతకమునకు వ్యాజస్తుతియే ప్రాణము. గోలకొండ చెరలోనున్న రామదాసు, సీతమ్మకును లక్ష్మణునకును తాను చేయించిన నగలకు పేరుపేరున లెక్కచెప్పి రాముని నిలదీసెను. ఆ భక్తుడు రాముని ద్వేషించెనని ఏ శ్రోతయు అనుకొనలేదు. చెర తెలిసినది గనుక, భక్తి తెలిసినది గనుక, ఆ ఎత్తిపొడుపు ప్రార్థనగా వినబడినది. కలెక్టరు కార్యాలయమునకు అర్జీతో వచ్చిన పల్లెటూరివాని ఎత్తిపొడుపులోను ఇట్టి ప్రార్థనయే ఉన్నదని నేను నమ్ముదును. పూర్తిగా నమ్మకము పోయినవాడు వ్యంగ్యముగా మాటాడడు, మౌనము వహించును. ఎత్తిపొడిచి మాటాడుచున్నంతకాలము అతడు మనలను ఇంకను వినదగినవారమనియే తలంచుచున్నాడు.

తెలుగున ఈ ఎదురర్థమును తెలుపు గుర్తులు ఎన్నియో కలవు. అవి వ్యాకరణ గ్రంథములకంటె వంటయింటిలోను, అరుగులమీదను బాగుగా తెలియును. సీమలో ‘బో’ అను చిన్నమాట నిజమైన ఆధిక్యమునకును, శూన్యమునకును సమానముగా పనిచేయును; చివర ‘లే’ చేరినచో మాత్రము శూన్యమువైపే మొగ్గును. ‘పాపం’ అను మాట జాలిని చెప్పును, జాలికి అర్హత లేదనియు చెప్పును. అక్షరమును సాగదీయుట మరియొక గుర్తు. ‘శానా మంచోడు’ అనుటలో ‘నా’ ఎంత సాగినచో మంచితనము అంత తగ్గును. అన్నిటికంటె సూక్ష్మమైనది గౌరవమును హెచ్చించుట. పొద్దెక్కినను పక్క దిగని కొడుకుతో ‘ఏం దొరా, లేచినారా? కాఫీ ఆడికే పంపియ్యమంటారా?’ అని తల్లి యన్నప్పుడు, ఆ బహువచనములో కోపమున్నదని పక్కనున్న చెల్లెలికిని తెలియును. నిత్యము ‘నువ్వు’ అను భార్య యొకనాడు ‘తమరు’ అని పిలిచినచో ఆ ఇంట ఏదో జరిగినది. తనకు అలవాటైన పిలుపేదో ఎరిగినవానికే ఈ హెచ్చింపు వినబడును. కొత్తగా వచ్చినవానికి అన్ని గౌరవములును ఒక్కటే. ‘సామీ’ అను పిలుపులో ఎంత వినయమున్నదో, ఎంత దూరమున్నదో, ఏ పూట ఏది యెక్కువో బదిలీపై నిన్న వచ్చిన ఉద్యోగి ఎట్లెరుగును?

ఇవన్నియు కాకువు, అనగా కంఠస్వరపు వంపు, మీద ఆధారపడియున్నవి. వేణీసంహారములో భీముడు కౌరవులను యుద్ధమున చంపనా యని గర్జించునప్పుడు, అక్షరములు చంపననుచున్నవి, స్వరము చంపి తీరెదననుచున్నది. ఆ శ్లోకమును కాగితముపై చదివిన విద్యార్థి తడబడును, రంగస్థలముపై వినినవాడు తడబడడు. 1880లో తాడిపత్రిలో జన్మించిన బళ్ళారి రాఘవగారు పద్యముల రాగాలాపనను తగ్గించి మాటకు సహజస్వరమును ప్రాణముగా నిలిపిన మహానటులు. మాటలోని భావము పద్యపు సాగతీతలో మునిగిపోరాదని ఈ సీమ మనిషి పట్టుబట్టుటలో నాకేమియు వింత కనబడదు.

వ్రాతయందు ఈ స్వరము పోవును. ఈ లోటును తీర్చుటకు ఇతర దేశములలోను ప్రయత్నములు జరిగినవి. ఇంగ్లండున జాన్ విల్కిన్స్ 1668లో తలక్రిందులైన ఆశ్చర్యార్థకమును వ్యంగ్యమునకు చిహ్నముగా సూచించెను. ఫ్రాన్సున అల్కాంటర్ ద బ్రామ్ అను కవి 1899లో మరియొక చిహ్నమును ప్రతిపాదించెను. రెండును వాడుకలో నిలువలేదు. నేడు చేతిఫోనులలో నవ్వు మొగముల బొమ్మలు ఆ పనిని కొంత చేయుచున్నవి, కొంత చెడగొట్టుచున్నవి. 2014లో అమెరికా అధ్యక్షుని రక్షణభారము వహించు సీక్రెట్ సర్వీసు, సామాజిక మాధ్యమములలోని వ్యంగ్యమును గుర్తింపగల కంప్యూటరు సాధనము కావలయునని టెండరు పిలిచినది. బెదిరింపునకును ఎగతాళికిని భేదము తెలియక నిర్దోషిని పట్టుకొను ప్రమాదమున్నదని వారు గుర్తించుట మెచ్చదగినది. యంత్రము పదములను, వాని పొందికను నేర్వవచ్చును. చిత్తకార్తెలో ధర్మవరము చెరువు ఎట్లున్నదో దానికెవరు చెప్పవలయును?

మన కచేరీలలో స్వరమును పోగొట్టు స్థానములు రెండు కలవు. మొదటిది అర్జీ. సోమవారపు ప్రజావిజ్ఞప్తుల దినమున కలెక్టరేటు గేటువద్ద అర్జీలు వ్రాసిపెట్టువారు వచ్చినవాని గోడును విని, దానిని ‘తమ దయకు పాత్రుడను’ అను ఒకే మూసలో పోయుదురు. వారి తప్పేమియు లేదు. మూస లేనిచో అర్జీ చెల్లదని వారి యనుభవము. కాని ‘మూడేండ్లాయె, మా ఊరికి రోడ్డు వేసేసినారంట, మేమే సూసుకోల్యా’ అని అరుగుమీద పలికిన మాటలో నున్న నిందారోపణము, అనగా కాగితముపై వేసి నేలపై వేయని రోడ్డును గూర్చిన సమాచారము, ‘రోడ్డు సౌకర్యము కల్పింపగలరు’ అను వాక్యములో అదృశ్యమగును. ఎత్తిపొడుపును తుడిచివేసినప్పుడు తుడిచిపెట్టుకొని పోవునది మర్యాదలేమి యని మనమనుకొందుము, పోవునది సాక్ష్యము.

రెండవ స్థానము న్యాయస్థానము. సాక్షి తెలుగున చెప్పును; వాఙ్మూలము పలుచోట్ల ఆంగ్లమున నమోదగును. ఊరి తగవులో ఒకడు ‘నీ మేలు మరువను లేప్పా, కనిపెట్టుకొని ఉంటా’ అని పలికెననుకొందము. అది కృతజ్ఞతయా, బెదిరింపా, విసుగా? ఆ మూడును కావచ్చును. ఆంగ్లమునకు మారునప్పుడు ‘లేప్పా’ రాలిపోవును, సాగదీత రాలిపోవును, ఆ ఇద్దరి నడుమ పదేండ్లుగా నడచుచున్న గట్టు తగాదా రాలిపోవును. పొడి వాక్యమొకటి మిగిలి, పై న్యాయస్థానమున దానిపై వాదోపవాదములు జరుగును. 1973నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులోని 280వ సెక్షను, సాక్షి సాక్ష్యమిచ్చునప్పటి తీరును గూర్చి ముఖ్యమని తోచిన విషయములను న్యాయాధికారి వ్రాసియుంచవలయునని చెప్పినది; దాని స్థానమున వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఆ నియమము నిలిచియున్నది. చట్టము కాకువునకు చోటిచ్చినది. వివాదాస్పదమైన మాటను తెలుగులిపిలో ఉన్నదున్నట్లుగా వ్రాసి, పలికిన స్వరమును గూర్చి ఒక వాక్యము చేర్చుటకు అడ్డేమియు లేదు. దీనిని ఒక అలవాటుగా చేయుమని న్యాయాధికారులను వినయముతో కోరుచున్నాను.

వ్యంగ్యమునంతటిని సమర్థించుచున్నానని ఎవరును అనుకొనరాదు. క్రిందివాడు పైవానితో పలుకు ఎత్తిపొడుపు వేరు, పైవాడు క్రిందివానిపై విసరు ఎత్తిపొడుపు వేరు. అలంకారము ఒక్కటియైనను ధర్మము ఒక్కటి కాదు. ‘మా కోడలు బో పనిమంతురాలు, సూర్యుణ్ణి లేపేది ఆయమ్మే’ అను అత్తగారి మాటకు కోడలు ఏమి బదులు చెప్పగలదు? ఆ మాట పైకి పొగడ్త గనుక ఆక్షేపింపరాదు, లోపల గాయము గనుక సహింపరాదు. తరగతిలో ఉపాధ్యాయుడు తెలియని పిల్లవానిని లేపి ‘ఈయన మహాపండితుడు, లేవండి సార్’ అనినప్పుడు నలువదిమంది నవ్వుదురు, ఒకడు చదువు మానును. పిల్లలు వ్యంగ్యమును ఐదారేండ్ల ప్రాయమునుండి కొంచెము కొంచెముగా గ్రహింప మొదలిడుదురనియు, అందులోని ఉద్దేశ్యమును సంపూర్ణముగా తెలిసికొనుటకు మరికొన్ని యేండ్లు పట్టుననియు మనస్తత్త్వ పరిశోధకులు చెప్పుదురు. చిన్న తరగతి పిల్లవానికి మాట అర్థము కాదు, నవ్వు మాత్రము అర్థమగును. ఆటిజము గలవారిలో పలువురకు, మెదడు కుడిభాగమున దెబ్బతగిలినవారిలో కొందరకు ఈ ఎదురర్థము సులభముగా చిక్కదు. వారితో సూటిగా మాటాడుట మన విధి. బదులు చెప్పు స్వాతంత్ర్యము లేనివానిపై ప్రయోగించిన వ్యంగ్యమును నేను చమత్కారముగా ఎన్నడును అంగీకరింపను.

అధికారి మాత్రము ఎల్లప్పుడును బదులు చెప్పగలవాడే. అందుచేత వినవలసిన భారము అతనిపై ఎక్కువ. 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగానుండిన థామస్ మన్రో ఊరూర గుడారములు వేసికొని తిరిగి, రైతులతో ముఖాముఖి మాటాడి శిస్తులు నిర్ణయించెను. అతడు పరపాలకుడు, అతడు వేయించిన శిస్తు భారము నేను మరువలేదు. ఐనను 1827లో పత్తికొండవద్ద కలరాతో మరణించినవానిని గుత్తిలో పాతిపెట్టిన తరువాతను ఈ ప్రాంతపు జనులు తమ బిడ్డలకు అతని పేరు పెట్టుకొనిరి. అతడు దయామయుడగుటచేత కాదు. తమ ముందు కూర్చుండి వినెనని వారు తలచుటచేత నని నా ఊహ. కడపలో కొలువు చేసిన బ్రౌను దొర వేమన పద్యములను సేకరించి 1829లో అచ్చువేయించుటకును, పండితులు ఈసడించిన పల్లెమాటలను నిఘంటువున చేర్చుటకును మూలము అట్టి వినికిడియే. ఆ వేమన సమాధి ఈ సీమలోనే, కదిరి దగ్గరి కటారుపల్లెలో నున్నది. మేము మాటను నిక్కముగా పలికినను, వంకరగా పలికినను వినుటకు పరదేశీయుడు ఓపిక పట్టినప్పుడు, స్వరాజ్యమున మన పిల్లలే అధికారులైన ఈ కాలమున ఆ ఓపిక తగ్గుటకు కారణమేమి?

కారణము భాష రాకపోవుట కాదు, భాషను పుస్తకములో మాత్రమే నేర్చుట. పాఠశాలలలో అలంకారమును లక్షణము, లక్ష్యము, సమన్వయము అను మూడు ముక్కలుగా వల్లెవేయించి, మార్కులు వేసి, మరచిపోనిచ్చుచున్నాము. వ్యాజస్తుతిని చెప్పు దినమున పిల్లలతో, ఈ వారములో మీ ఇంట ఎవరు ఎవరిని పొగడుచు తిట్టిరో, ఆ మాటకు ముందు ఏమి జరిగినదో వ్రాసికొని రండని చెప్పిన ఉపాధ్యాయుడు వారికి మమ్మటుని శాస్త్రమంతయు ఒక గంటలో నేర్పగలడు. కరవు పరిశీలనమునకు వచ్చు బృందములు వాడు పట్టికలలో ఎకరములకును క్వింటాళ్ళకును గడులున్నట్లే, రైతు స్వయముగా చెప్పిన మాటకును ఒక గడి యుండవలయును. దాని ప్రక్కనే ఆ ఊరిలో చినుకు పడక ఎన్ని దినములైనదో వ్రాయవలయును. ఇక ఆంధ్రప్రదేశమునకు కేటాయింపబడిన యువ ఐ.ఏ.ఎస్. అధికారులు మస్సూరిలో తెలుగు నేర్చుకొని, జిల్లాలో శిక్షణ పొందుదురు. ఆ శిక్షణలో ఒక భాగమును కళ్యాణదుర్గమో, రాయదుర్గమో, మడకశిరయో, ఎచ్చటనైనను ఒక మెట్టపల్లెలో, విత్తు పడినదాది బెట్ట తగులు దాక గడుపునట్లు ఏర్పాటు చేయవలయును. రచ్చకట్టపై సాయంకాలము కూర్చుండి, ప్రశ్న లడుగక, వ్రాసికొనక, వారు ఒకరితో ఒకరు మాటాడుకొనునది వినవలయును. దీనికి చట్టము మార్చనక్కరలేదు, నిధులు వెదకనక్కరలేదు. శిక్షణ పట్టికలో జూలై, ఆగస్టు నెలలను కార్యాలయపు గదులనుండి పల్లెకు మార్చినచో చాలును.